ఊరి వెలుపలి ఇల్లు

రఘువంశం ఎనిమిదవ సర్గ చదివినవారికి ఒక ఇల్లు జ్ఞాపకముంటుంది. రఘుమహారాజు వృద్ధుడైనాడు. కుమారుడైన అజునికి రాజ్యం ఒప్పగించి, వంశాచారం చొప్పున వనానికి పోదలచినాడు. అజుడు తండ్రి పాదాలపై వ్రాలి, తనను విడిచిపోవద్దని కన్నీటితో ప్రార్థించినాడు. పుత్రవత్సలుడైన రఘువు ఆ కోరికను కాదనలేకపోయినాడు. అట్లాగని విడిచిన రాజ్యలక్ష్మిని మళ్ళీ చేపట్టనూ లేదు. అడవికీ పోక, అంతఃపురంలోనూ ఉండక, నగరానికి వెలుపల ఒక నివాసంలో యతిధర్మం అవలంబించి శేషజీవితం గడిపినాడు.

కాళిదాసు ఆ ఇంటిని ఎక్కువగా వర్ణించలేదు. రఘువు దిగ్విజయానికి ఒక సర్గ సింహభాగం ఇచ్చిన కవి ఆయన ముసలితనపు నివాసానికి రెండు మూడు మాటలకు మించి ఇవ్వలేదు. అయినా ఆ ఇల్లు ఎట్లాంటిదో ఊహించుకోవటం కష్టం కాదు. కొడుకు పిలిస్తే పలికేటంత దగ్గర. ఊరి రొద చెవిని పడనంత దూరం. లోకంలో ముసలివారు కోరుకొనే ఇల్లు ఎప్పుడూ ఈ కొలతకు సరిపడేదే. ఏ నౌకరీ చేసి విశ్రాంతి పొందినవానినైనా అడిగి చూస్తే ఇదే కొలత చెపుతాడు, ఆయన రఘువంశం చదివినా చదవకపోయినా.

అజుని కాలంలో ఒక సౌకర్యం ఉండేది. నగరానికి వెలుపల ఉన్నది వెలుపలనే ఉండేది. ఇప్పుడట్లా కాదు. ఊరి వెలుపల ఇల్లు కట్టుకొన్న పెద్దమనిషి కదలకుండా అక్కడనే కూర్చొని ఉంటే, ఊరే లేచి ఆయన గుమ్మం దాకా నడిచి వస్తున్నది.

హైదరాబాదు, సికిందరాబాదు జంటనగరాల చరిత్రలో దీనికి నిదర్శనాలు వెతుక్కోనక్కరలేదు. సైన్యంలో పనిచేసి విశ్రాంతి పొందిన ఉద్యోగులు సికిందరాబాదుకు ఈశాన్యాన, అప్పటికి రాళ్ళూ తుప్పలూ తప్ప మరేమీ లేని నేలమీద సైనికపురి కట్టుకొన్నారు. విమానదళం వారు దాని సరసనే వాయుపురి కట్టుకొన్నారు. 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ నెలకొన్న తరువాత ఆ సంస్థ ఉద్యోగులు దగ్గరలోనే మరొక కాలనీ ఏర్పరచుకొని, సంస్థ నిర్మాతయైన అయ్యగారి సాంబశివరావు గారి పేర ఎ.ఎస్. రావు నగర్ అన్నారు. వీటి పుట్టుక ఇంచుమించు ఒక్క తీరు. జీతంలో మిగిల్చినది, ప్రావిడెంటు ఫండు, గ్రాట్యుటీ, భార్య ఒంటిమీది బంగారంలో కొంత. ఇవి కలిస్తే ఒక స్థలం, నాలుగు గదుల ఇల్లు, ముందు ఒక వేపచెట్టు, వెనుక ఒక జామచెట్టు. ఊరికి దూరమని బంధువులు వెక్కిరించినారు. బస్సు లేదన్నారు. అవి రెండూ నిజమే. ఆ దూరాన్నే వారు కొనుక్కొన్నారని వెక్కిరించినవారికి తట్టలేదు.

ఆ తరువాత కథ అందరికీ తెలిసినదే. బస్సు వచ్చినది, బజారు వచ్చినది. 2007లో కాప్రా, అల్వాల్, మల్కాజిగిరి మొదలైన 12 పురపాలక సంఘాలు నగరంలో కలిసి హైదరాబాదు మహానగరపాలక సంస్థ ఏర్పడినది. సైనికపురి పెద్దవీధిలో ఇప్పుడు రెస్టారెంట్లు, బట్టల దుకాణాలు, కోచింగు సెంటర్లు వరుసగా ఉన్నవి. సాయంత్రం చేతికర్రతో వాహ్యాళికి బయలుదేరిన వృద్ధుడు వీధి దాటటానికి ఎంతసేపు నిలుచుండాలో అక్కడ నివసించేవారికి వేరే చెప్పవలసిన పని లేదు. నివాసపు వీధులను వ్యాపారపు వీధులుగా మార్చవద్దని ఆ కాలనీల పెద్దలు ఏండ్ల తరబడి మొరపెట్టుకొంటున్నారు. ఆ మొర వింటున్నవారిలో కొందరు వారి ఇండ్ల కోసం బేరమాడుతున్నవారే కావటం ఇందులోని విశేషం.

సైనికపురి నిండిన తరువాత ఊరి వెలుపలి ఇల్లు ఎక్కడికి పోయినది? ఉత్తరాన కొంపల్లి దాటినది, మేడ్చల్ దాటినది, ఇప్పుడు మెదకు జిల్లాలో అడుగుపెట్టినది. అక్కడ మొదట తగిలే మండలం మనోహరాబాద్.

కన్యాకుమారి నుంచి శ్రీనగరు దాకా పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద, హైదరాబాదుకు నలభై అయిదు కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉన్నది మనోహరాబాద్. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు తూప్రాను నుంచి విడదీసి దీనిని మండలం చేసినారు. పేరులో మనోహరత్వం ఉన్నది కాని, పేరును బట్టి ఊరిని ఊహించుకొని పోయినవారికి రహదారి పక్కన మొదట కనిపించేవి గోదాములు, లారీలు. కాళ్ళకల్లో, ముప్పిరెడ్డిపల్లిలో పారిశ్రామికవాడలు ఉన్నవి. 2023 జనవరిలో ఐ.టి.సి. వారి ఆహారపదార్థాల కర్మాగారం ఇక్కడ ప్రారంభమైనది. సికిందరాబాదు నుంచి నిజామాబాదు పోయే పాత రైలుమార్గం మీద ఇది చిన్న స్టేషను. 2016 ఆగస్టులో ఇక్కడి నుంచి గజ్వేలు, సిద్దిపేట, సిరిసిల్లల మీదుగా కరీంనగరు దగ్గరి కొత్తపల్లికి కొత్త మార్గానికి శంకుస్థాపన జరిగిన తరువాత జంక్షనుగా మారుతున్నది. 2023 అక్టోబరు నుంచి సిద్దిపేట దాకా రైలు నడుస్తున్నది. తలపెట్టిన ప్రాంతీయ వలయ రహదారి ఉత్తర భాగం, సుమారు 160 కిలోమీటర్లది, పక్కనున్న తూప్రాను మీదుగా పోవలసి ఉన్నది. వీటన్నిటికీ పైన, 2025 మార్చిలో ప్రభుత్వం హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ పరిధిని ఆ వలయ రహదారి వరకూ విస్తరింపజేసినది. పదకొండు జిల్లాలలో 104 మండలాలు, 1355 గ్రామాలు, పదివేల చదరపు కిలోమీటర్లకు మించిన నేల ఇప్పుడు ఒక్క సంస్థ గీసే పటంలోకి వచ్చినది. ఆ పటంలో ఏ సర్వే నంబరుకు ఏ రంగు పడుతుందన్నదే ఇక్కడి విచారం.

ఈ మండలంలో ముసలివారు రెండు రకాలు. ఒకరు ఇక్కడ పుట్టి పెరిగినవారు. కొడుకులు బొల్లారం, జీడిమెట్ల, హైదరాబాదు చేరినారు. కొందరు గల్ఫు దేశాలకు పోయినారు. ఇంటి ముందు అరుగుమీద తల్లిదండ్రులు మిగిలినారు. రెండవవారు నగరంలో ఉద్యోగం చేసి విశ్రాంతి పొంది, రెండు వందల గజాలో అర ఎకరమో కొనుక్కొని వస్తున్నవారు. మొదటివారికి ఆసరా పింఛను, రెండవవారికి సర్కారు పింఛను. మొదటివారిని ఎవరూ ‘విశ్రాంత జీవుల కాలనీ’ అనరు; వారి వీధికి స్వాగత తోరణం లేదు, కాపలావాడు లేడు. అయినా నిదానంగా చూస్తే తెలంగాణలో చాలా పల్లెలు బోర్డు కట్టని విశ్రాంత కాలనీలే. ఇప్పుడు ముంచుకొస్తున్న మార్పు ఈ రెండు రకాలవారికీ సమానమే. అంతో ఇంతో నోరున్నది మాత్రం రెండవవారికే.

భూవినియోగ మార్పిడి అనే మాట పత్రికలలో తరచు కనిపిస్తుంది. విద్యార్థులకు దాని అర్థం కొంచెం విప్పి చెప్పటం మంచిది. నగరాభివృద్ధి సంస్థ ఒక బృహత్ ప్రణాళిక తయారుచేస్తుంది. దానినే మాస్టర్ ప్లాన్ అంటారు. అందులో ప్రతి సర్వే నంబరూ ఒక జోనులో పడుతుంది: నివాసానికి ఒకటి, వ్యాపారానికి ఒకటి, పరిశ్రమలకు ఒకటి, వ్యవసాయాన్ని కాపాడటానికి ఒకటి, చెరువులకూ అడవులకూ వేర్వేరుగా మరికొన్ని. హైదరాబాదుకు 2031 వరకు చూపు సారించిన ఇట్లాంటి ప్రణాళిక 2013 జనవరిలో అమలుకు వచ్చినది. ఇప్పుడు 2050ని లక్ష్యంగా పెట్టుకొని మరొక ప్రణాళిక తలపెట్టినారు. ప్రణాళిక మీద పడిన రంగు ఒక వాగ్దానం వంటిది. ‘నీ పక్కన ఇల్లే వస్తుంది, రసాయనాల కొట్టు రాదు’ అని ప్రభుత్వం పౌరునికి వ్రాసియిచ్చిన మాట అది. ఆ మాటను నమ్మే మనిషి ఇల్లు కట్టుకొంటాడు.

ఆ రంగును మార్చే వీలు కూడా చట్టంలోనే ఉన్నది. భూమిగలవాడు దరఖాస్తు పెట్టుకొంటాడు. రుసుము కడతాడు. ఒక ప్రకటన పత్రికలో పడుతుంది: ఫలానా సర్వే నంబరులో ఇన్ని ఎకరాల నేలను ఫలానా జోను నుంచి ఫలానా జోనుకు మార్చదలచినాము, అభ్యంతరాలున్నవారు ఇన్ని దినాలలో తెలుపవలెను. సాధారణంగా ఆ ప్రకటన ఉండేది సన్నని అక్షరాలలో. నేల ఎల్లలు నాలుగు దిక్కులా సర్వే నంబర్లతో చెప్పి ఉంటుంది. కొన్నిసార్లు ఇంగ్లీషు పత్రికలో. దానిని చదివి, అందులో చెప్పినది తన పెరటి గోడకు ఆవలి చెలక అని గుర్తించగల వృద్ధులు మనోహరాబాద్ మండలంలో ఎందరుంటారు? కళ్ళకు శుక్లాలు ఉన్నవారి సంగతి అట్లా ఉంచి, కళ్ళు బాగున్నవారైనా ఎందరుంటారు? వారికి తెలిసేసరికి ప్రహరీగోడ లేస్తుంది.

ఒక్క నేలకు మార్పు జరిగితే ఏమవుతుంది అనిపించవచ్చు. ఒక్కటితో ఆగదు గనుకనే ఇంత చెప్పవలసి వస్తున్నది. నడుమ ఒక గోదాము లేచిన తరువాత, దాని పక్కవాడు ‘ఇక ఇక్కడ ఇల్లు కట్టి ఎవడుంటాడు, నాదీ మార్చండి’ అంటాడు. అతని వాదంలో న్యాయం ఉన్నది. మూడవవాడి వాదంలో మరింత న్యాయం ఉంటుంది. చివరకు మారనివాని ఇల్లే పటంలో తప్పుగా కనిపించటం మొదలుపెడుతుంది.

నీటి సంగతి వేరే చెప్పాలి. మెదకు నేల అడుగున ఉన్నది రాయి. ఇక్కడ నీరు కృష్ణా, గోదావరి డెల్టాలలో వలె మందపాటి ఇసుకపొరలలో నిలవ ఉండదు. రాతి పగుళ్ళలో, నెర్రెలలో ఉంటుంది. ఒక పగులు వెంట ఒకడు లోతుగా బోరు వేసి రాత్రింబవళ్ళు తోడితే, అదే పగులు మీద ఆధారపడిన పక్కవాని బోరు ఎండిపోతుంది. నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు 2002లో వచ్చిన చట్టం, అందరూ వాల్టా అనేది, ఇట్లాంటివాటిని అదుపు చేయటానికే పుట్టినది. కాని అరవై అపార్టుమెంట్ల భవనానికి అడుగున వేసిన బోరును డెబ్బయి ఏండ్ల ముదుసలి ఏ కొలతతో కొలిచి, ఏ కచేరీలో నిరూపించగలదు? ఆమెకు తెలిసినదల్లా మొన్నటిదాకా మోటారు వేస్తే నీళ్ళు వచ్చినవి, ఇప్పుడు బుసబుసమని గాలి వస్తున్నది. అయిదు వందలు పెట్టి ట్యాంకరు తెప్పించుకొమ్మని సలహా చెప్పేవారికి ఆమె పింఛను ఎంతో తెలియకపోదు.

అభివృద్ధి వద్దని ఎవరూ అనటం లేదు. రైలు రావటం వృద్ధులకు గొప్ప మేలు. సిద్దిపేటకో సికిందరాబాదుకో డాక్టరు దగ్గరికి పోవటానికి బస్సు గతుకులకంటె రైలు ఎంతో నయం. కర్మాగారం వచ్చినందువల్ల కొందరు కొడుకులు ఊరు విడిచిపోకుండా ఉన్నారు. అది తల్లిదండ్రులకు ఆనందమే. వచ్చిన చిక్కు పరిశ్రమతో కాదు, పరిశ్రమకు గీసిన గీత ప్రతి ఏడూ జరుగుతుండటంతో. ముప్పిరెడ్డిపల్లి పారిశ్రామికవాడకు ఒక హద్దు ఉన్నది. ఆ హద్దుకు ఇవతల నివాసాలనీ, చేలనీ పటంలో ఉంటే అవి అట్లాగే ఉండాలని కోరటం అభివృద్ధి నిరోధం ఎట్లా అవుతుంది?

ఇక్కడ తరచు వినవచ్చే జవాబు ఒకటి ఉన్నది: ‘భూమి ధర పదింతలు పెరిగినది కదా, ఇంకా ఏమి కావాలి?’ ఈ జవాబును కొంచెం నిలబెట్టి చూడవలసి ఉన్నది. ధర పెరిగిన భూమి అమ్మేవానికి భాగ్యం, నివసించేవానికి కాదు. ముప్పై ఏండ్లవాడు అమ్ముకొని మరొకచోట కొత్త జీవితం మొదలుపెట్టగలడు. కొత్త ఊరిలో పాలవాడెవరో, మందుల దుకాణమెక్కడో, తెల్లవారుజామున ఎవరి తలుపు తట్టవచ్చునో నేర్చుకోగలడు. డెబ్బయి అయిదేండ్లవాడు నేర్చుకోలేడు. ఆయనకు ఇల్లంటే నాలుగు గోడలు కాదు. చీకటిలో తడుముకోకుండా స్నానాలగదికి పోగల అలవాటు, మెట్టు ఎంత ఎత్తో కాలికి తెలిసి ఉండటం, చెరువుకట్ట దాకా నడిచి తిరిగి రావటానికి నడుమ కూర్చొనే రాతిబండ, రోజూ ఆ బండమీదికి వచ్చే ఇద్దరు ముగ్గురు సమవయస్కులు. వీటికి రిజిస్ట్రారు ఆఫీసులో విలువ కట్టరు. నష్టపరిహారం లెక్కలలో వీటికి గడి లేదు.

ప్రణాళికలు వ్రాసేవారు 2050 అంటారు. వారి వయసుకు అది సహజమే. పట్టణ నిర్మాణంలో ఇరవై అయిదేండ్లు చిన్న కాలం. కాని ముసలివానికి మిగిలినది పదేండ్లో, పన్నెండేండ్లో. ఆ పదేండ్లూ పక్కన పునాదులు తవ్వుతూ, కాంక్రీటు కలుపుతూ, లారీలు వెనక్కు నడుపుతూ గడిచిపోతే, 2050లో వెలసే సుందర నగరం ఆయనకు ఎందుకు? ఒకరి జీవితంలో అది తాత్కాలిక అసౌకర్యం, ఇంకొకరి జీవితంలో అదే శేషజీవితమంతా.

నిజం చెప్పవలసి వచ్చినప్పుడు సగం చెప్పి ఊరుకోరాదు. ఈ మార్పులన్నీ బయటివారు తెచ్చిపెట్టినవే కావు. కాలనీలలో పాత ఇల్లు పడగొట్టి అయిదంతస్తులు లేపటానికి బిల్డరుకు సంతకం చేసియిచ్చేది ఎక్కువగా ఆ ఇంటివారే. సగం వాటాకు ఆశపడిన కొడుకులు కొందరు, బిడ్డ పెండ్లికి డబ్బు కావలసివచ్చినవారు కొందరు. నిన్న సంఘంలో అధ్యక్షుడుగా కూర్చొని వ్యాపార భవనాలు కూడదని తీర్మానం చేసినవారే నేడు తమ గేటుకు ‘టులెట్’ బోర్డు తగిలించిన సందర్భాలు లేకపోలేదు.

తిక్కన సోమయాజి తెలుగు చేసిన ఆశ్రమవాస పర్వంలో ధృతరాష్ట్రుని కడపటి ఘట్టం ఇక్కడ గుర్తుకు రాకమానదు. ధృతరాష్ట్రుడు, గాంధారి, కుంతి వార్ధక్యంలో వనానికి పోయి తపస్సు చేసుకొంటున్నారు. ఒకనాడు కార్చిచ్చు లేచినది. ఉపవాసాలతో కృశించినవారు గనుక పరుగెత్తలేకపోయినారు. ఓపిక ఉన్న సంజయుని తప్పించుకొని పొమ్మని చెప్పి, వారు ముగ్గురూ ఉన్నచోటనే కూర్చొని మంటకు ఆహుతి అయినారు. ఆ నిప్పు ఎక్కడిదో తరువాత నారదుడు ధర్మరాజుకు చెప్పినాడు: అది పరాయి నిప్పు కాదు, ధృతరాష్ట్రుని అగ్నిహోత్రానిదే; యాజకులు అడవిలో విడిచిపెట్టి పోయిన నిప్పు గాలికి పెరిగి అంతటినీ చుట్టుకొన్నది. మన కాలనీల చరిత్రకు ఇంతకంటె దగ్గరి కథ మరొకటి లేదు. అయితే సంతకం చేసినవాడు డబ్బు పుచ్చుకొని కొడుకు దగ్గరికి అమెరికాకో, బెంగుళూరుకో పోతాడు. మంట మిగిలేది సంతకం చేయని పక్కింటివానికి. సంజయులకు దారి ఉన్నది. ఉపవసించినవారికి లేదు.

చట్టం ఏమి చెపుతున్నది? తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణకు 2007లో పార్లమెంటు చట్టం చేసినది. అరవై ఏండ్లు నిండినవారిని కొడుకులు నిర్లక్ష్యం చేస్తే ట్రిబ్యునలుకు పోవచ్చును. విశ్రాంత జీవుల గృహసముదాయాలు ఎట్లా కట్టాలో, ఎట్లా నడపాలో కేంద్ర ప్రభుత్వం 2019లో నమూనా మార్గదర్శకాలు వెలువరించినది. అవి మంచివే. కాని అవి ప్రధానంగా గేటుకు లోపలి సంగతులు: చక్రాల కుర్చీకి వాలుబాట, చేతికి ఆసరా కమ్మి, వైద్య సౌకర్యం, ఒప్పంద పత్రం. గేటుకు ఆవల ఏ జోను వస్తుందో వాటికి పట్టదు. వృద్ధుని కొడుకుల నుంచి కాపాడటానికి చట్టం ఉన్నది. నగరం నుంచి కాపాడటానికి లేదు.

న్యాయస్థానాలు మాత్రం ఒకటి రెండుసార్లు గట్టిగా పలికినవి. బెంగుళూరులో రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్ లేఅవుటులో పార్కుకని విడిచిన స్థలాన్ని ఒక ప్రైవేటు ఆసుపత్రికి ఇవ్వటానికి ప్రభుత్వం ఉత్తరువు చేసినప్పుడు అక్కడ నివసించేవారు కోర్టుకు పోయినారు. 1991లో సుప్రీంకోర్టు వారి పక్షాన తీర్పు చెప్పినది. ఆసుపత్రి మంచిదే కదా అన్న వాదం అక్కడ నిలవలేదు. ఖాళీ స్థలం ఆ పేటలో అందరిదీ, దానిని పోగొట్టుకొనేవారికి అడిగే హక్కు ఉన్నది అన్నది నిలిచినది. మళ్ళీ 2023 జనవరిలో చండీగఢ్ నివాసుల సంఘం కేసులో, నగరపు తొలిదశ సెక్టార్లలో ఒక్కొక్క ఇంటిని వాటాలుగా అమ్మి మూడు అపార్టుమెంట్లుగా చీల్చటం చెల్లదని అదే కోర్టు తేల్చినది. నగరాలను విస్తరింపజేసే ముందు పర్యావరణంపై దాని ప్రభావాన్ని పరిశీలించే ఏర్పాటు ఉండాలని శాసనకర్తలకు విజ్ఞప్తి కూడా చేసినది. ఈ రెండు కేసులలోనూ పోరాడినవారు సామాన్య నివాసులే. అయితే వారికి సంఘం ఉన్నది, వకీలు ఉన్నాడు, ఏండ్ల తరబడి వాయిదాలకు తిరిగే ఓపిక ఉన్నది. మనోహరాబాద్ అరుగుమీది ముదుసలికి వీటిలో ఏది ఉన్నది?

ఇంతవరకూ వృద్ధుల పక్షం చెప్పటం అయినది. వారి మీద వచ్చే ఫిర్యాదు కూడా వినాలి. అందులోనూ ఈ పుట చదివే ఉపాధ్యాయులు అది తప్పక వినాలి. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలో 1954లో యంగ్‌టౌన్ అనే ఊరు కేవలం వృద్ధుల కోసం వెలసినది. దాని పక్కనే 1960 జనవరి 1న డెల్ వెబ్ అనే నిర్మాత సన్ సిటీ ప్రారంభించినాడు. ఎండ, గోల్ఫు, ఈతకొలను, పిల్లల గోల లేని వీధులు: అది అక్కడి ఆకర్షణ. కొన్నాళ్ళకు ఆ నగరవాసులు తమ ఊరిలో పిల్లలు లేనప్పుడు బడులకు తామెందుకు పన్ను కట్టాలని, బడుల కోసం పెట్టిన బాండ్లను పదే పదే ఓట్లతో ఓడించినారు. చివరకు 1970లలో పియోరియా బడి జిల్లా నుంచి సన్ సిటీని వేరు చేయవలసివచ్చినది. యంగ్‌టౌన్ కథ మరొక తీరు. 1990లలో ఇంటి బాధలు పడలేక తాత, అవ్వల దగ్గరికి వచ్చి చేరిన ఒక బాలుని ఊరిలో ఉండరాదన్నారు. ఆ కుటుంబం ఎదురు తిరిగినది. విచారణలో ఆ ఊరి వయోనిబంధన చట్టప్రకారం ఏర్పడనే లేదని బయటపడి, 1998లో అది రద్దయినది. ముసలివారి ఊరిలోకి మళ్ళీ పిల్లలు వచ్చినారు.

మనుమని బయటికి పొమ్మనే ప్రశాంతత ఏ ప్రశాంతత? జోను మార్చవద్దని అడిగే హక్కు ఎంత న్యాయమైనదో, బడి రావద్దని అడగటం అంత అన్యాయం. ఈ రెంటినీ కలిపి చూసే అలవాటు ఇటు పాలకులకూ ఉన్నది, అటు కొన్ని కాలనీ సంఘాలకూ ఉన్నది. అంగన్‌వాడీ పిల్లల అరుపులు వినపడుతున్నవని ఫిర్యాదు చేసే సంఘం, రేపు లారీల అడ్డా వచ్చినప్పుడు ఫిర్యాదు చేస్తే ఎవరు పట్టించుకొంటారు? తెలుగు పల్లెలో ముసలివారు కోరుకొన్న నిశ్శబ్దం ఎన్నడూ పిల్లలు లేని నిశ్శబ్దం కాదు. బడి గంట వినిపించే దూరంలో అరుగు ఉండటమే వారికి గడియారం. రఘువు కూడా కొడుకును విడిచి వనానికి పోలేదు గదా.

కనుక మనోహరాబాద్ వంటి చోట్ల వ్యతిరేకించవలసినది కొత్తదనాన్ని కాదు. ఒక నేలకు ఇచ్చిన మాటను, ఆ మాట నమ్మి ముసలితనాన్ని అక్కడ దింపుకొన్నవారికి చెప్పకుండా మార్చటాన్ని. వారికి తెలియజేయటం అంత కష్టమైన పనీ కాదు. భూవినియోగ మార్పిడి ప్రకటనను తెలుగులో, పెద్ద అక్షరాలలో, సర్వే నంబరుతో పాటు ఊరివారు పిలిచే పేరుతో వ్రాసి పంచాయతీ గోడమీద, పింఛను ఇచ్చే పోస్టాఫీసులో, రేషను దుకాణంలో అంటించవచ్చును. అభ్యంతరాలు వినటానికి వృద్ధులను హైదరాబాదుకు రప్పించే బదులు అధికారి ఒక్కనాడు గ్రామసభకు రావచ్చును. నివాసపు జోనులో మార్పు తలపెట్టినప్పుడు చుట్టుపక్కల అరవై దాటినవారు ఎందరున్నారో, వారి నీరు ఎక్కడిదో దరఖాస్తులోనే వ్రాయమని అడగవచ్చును. వీటికి కొత్త చట్టం వచ్చే దాకా వేచి ఉండనక్కరలేదు. ఉన్న అధికారంలో కొంత మర్యాద కలిస్తే చాలును.

బడులు చేయదగినది కూడా కొంత ఉన్నది. సాంఘికశాస్త్రంలో పటం చదవటం పాఠమే. దేశపటంలో వింధ్య పర్వతాలు చూపించే పిల్లవానికి తన మండలపు పటంలో తన ఇల్లు ఏ రంగులో ఉన్నదో తెలియదు. 2031 ప్రణాళిక అందరూ చూడదగినదే. ఎనిమిదవ, తొమ్మిదవ తరగతి పిల్లలు సెలవు రోజున ఆ పటం పట్టుకొని తమ వీధి గుర్తించి, ఏ చెలక ఏ జోనులో ఉన్నదో, ఏ కుంట పటంలో ఉండి నేలమీద లేదో వ్రాసుకొంటే, అంతకు మించిన భూగోళ పాఠం ఉండదు. ఆ పిల్లవాడు సాయంత్రం ఇంటికి పోయి అవ్వకు పటం చూపిస్తాడు. అవ్వకు రంగులు సరిగా కనిపించకపోవచ్చు. కాని ఫలానా సర్వే నంబరు అంటే చింతచెట్టు కింది మడి అని, అక్కడి వాగుకు వానకాలంలో ఎంత నీరు వస్తుందని, ఆ నీరు ఏ గోడ కడితే ఎవరి ఇంట్లోకి తిరుగుతుందని ఆమె చెప్పగలదు. ప్రణాళిక గీసినవారికి ఉపగ్రహం పంపే బొమ్మలలో ఇది కనిపించదు.

2050 ప్రణాళిక ముసాయిదా అభ్యంతరాల కోసం ఈ మండలాల ముందుకు వచ్చిననాడు చదవటానికి వచ్చిన మనుమలు, చెప్పటానికి వచ్చిన అవ్వలు పంచాయతీ ఆవరణలో కలిసి కూర్చోగలిగితే, అధికారుల కంటె ముందు ఆ ముసలివారికి కుర్చీలు వేయవలసి ఉంటుంది. ఎండ ముదరకముందే సభ మొదలుపెట్టాలి. మంచినీళ్ళ కుండ ఒకటి దగ్గరలో ఉండాలి. పటాన్ని గోడమీద అంటించకుండా బల్లమీద పరచాలి. ఎందుకంటే అక్కడివారిలో చాలామంది వేలు పెట్టి తడిమితే తప్ప తమ ఇల్లు ఎక్కడున్నదో చెప్పలేరు.